వడ్డీ కోసం కాదు

వెనకసీట్లోంచి ఎవరో దగ్గారు.

జెర్విన్ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఇలోయిలో ఊళ్ళో లాపాజ్ మార్కెట్ పక్క వీధిలోంచి కారు తీసి పట్టుమని రెండు నిమిషాలు కాలేదు. తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీశాడు, ఇంజన్ స్టార్ట్ చేశాడు, ఎవరూ చూడకముందే మలుపు తిప్పేశాడు. వెనక మనిషి ఉన్నారేమో చూడాలన్న ఆలోచనే రాలేదు. సొంత కారుని దొంగిలించడం అతనికిదే మొదటిసారి మరి.

"ఏసీ కాస్త పెంచు నాయనా. ఉడికిపోతున్నా."

అద్దంలో చూశాడు. పువ్వుల గౌను, తెల్లటి జుట్టు, చేతిలో విసనకర్ర, ఒళ్ళో బొప్పాయిపండు. నిండుగా ఒక ముసలావిడ!

జెర్విన్ బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. బొప్పాయి దొర్లుకుంటూ ముందుకొచ్చి అతని చెప్పుకి తగిలి ఆగింది.

"మీ... మీరెవరండీ?"

"నేనెవర్నా? నువ్వెవరివి? మా అల్లుడు డ్రైవర్ని పెట్టాడా? అంత డబ్బెక్కడిది వాడికి?"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను మేడమ్," అన్నాడు జెర్విన్.

కావాలని అనలేదు. కాల్‌సెంటర్లో కూర్చుని అమెరికావాళ్ళ చేత తిట్లు తినడం అతని ఉద్యోగం. భయమేస్తే నోరు దానంతటదే ఆ మాట అనేస్తుంది. దొంగతనం కాస్తా కిడ్నాప్ అయిందని అర్థమయ్యాక కారు వెనక్కి తిప్పాడు.

మార్కెట్ దగ్గర, కారు ఉండాల్సిన ఖాళీ చోటు ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ల్యాబ్‌లో వేసుకునే తెల్లకోటు, చేతిలో చేపల సంచి, తెరిచిన నోరు. తన కారే తన ముందుకొచ్చి ఆగేసరికి ఆ నోరు ఇంకాస్త తెరుచుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో జెర్విన్‌కి సరిగా తెలీదు. అద్దం దించిన కిటికీలోంచి చల్లగా, తడిగా ఏదో వచ్చి చెంప మీద ఛెళ్ళుమంది. పాలబొంత చేప.

"దొంగ వెధవా! మా అమ్మమ్మని దింపు!"

"దింపుతానండీ! ఆవిడే దిగట్లేదు!"

"ఎందుకు దిగాలే లీజెల్? ఇప్పుడే చల్లబడింది," అంది అమ్మమ్మ పసిఫికా, విసనకర్ర మూసి ఒళ్ళో పెట్టుకుంటూ.

"పోలీసుల్ని పిలుస్తున్నా!" లీజెల్ ఫోన్ తీసింది.

"పిలవండి! ఈ కారు మా అమ్మ పేరు మీదుంది. ఎర్లిండా గలేనో. కాగితాలు చూపించమంటారా?"

ఫోన్ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ఎర్లిండా గారా? ఆవిడ అప్పేగా మేం కడుతున్నది!"

"కడుతున్నారా? నెలల తరబడి బ్యాంకుకి ఒక్క పెసో చేరలేదు. మా అమ్మ మీద కేసు వేస్తామని నోటీసొచ్చింది. వాయిదాలు ఎగ్గొట్టి చేపల మార్కెట్‌కి షికార్లు చేస్తున్నారు మీరు!"

"ఎగ్గొట్టామా?" ఆమె గొంతు పైకి లేచింది. "జీతం రోజున నా డబ్బూ, కొట్టు మీద వచ్చిన మా నాన్న డబ్బూ కలిపి బోయెట్ చేతిలో పెడుతున్నాం!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బోయెట్," అన్నాడు జెర్విన్.

"బోయెట్," అంది లీజెల్.



కథేమిటంటే, ఆ ఏడు సీట్ల కారుని జెర్విన్ తండ్రి ఓడలో పనిచేసే రోజుల్లో వాయిదాల మీద కొన్నాడు. ఆయన పోయాక వాయిదా కట్టడం ఎర్లిండా వల్ల కాలేదు. చేతికి కొంత ఇచ్చి, మిగిలిన అప్పు కట్టుకుంటూ కారు వాడుకునేవాళ్ళు ఉన్నారంటూ బోయెట్ అనే మధ్యవర్తి వచ్చాడు. ఇలాంటి బేరాలు ఇలోయిలోలో వీధికొకటి జరుగుతాయి. అటువైపు నూడుల్స్ కొట్టు నడిపే లీజెల్ తండ్రి నెస్టర్ ఉన్నాడు. అతని అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది. వ్యాయామం చేయించడానికి ఆవిణ్ణి ఆస్పత్రికి తిప్పాలి, ఊళ్ళో తిరిగే జీప్నీ బస్సుల మెట్లు ఆవిడ ఎక్కలేదు. కొత్త కారు అప్పులకి వడ్డీ చూసి కళ్ళు తిరిగిన నెస్టర్, పాత అప్పు పాత వడ్డీకే వస్తోందని సంబరపడి ఒప్పుకున్నాడు. మొదట్లో బోయెట్ ఆ డబ్బు బ్యాంకులో కట్టాడు. తర్వాత కట్టడం మానేశాడు. తీసుకోవడం మాత్రం మానలేదు.

ముగ్గురూ అదే కారులో బోయెట్ ఇంటికెళ్ళారు. తలుపుకి తాళం. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ, "మిండనావో దీవికి వెళ్ళిపోయాడుగా. మంచి కుర్రాడు. వెళ్ళేముందు నా దగ్గర వెయ్యి తీసుకున్నాడు, పంపిస్తానన్నాడు," అంది.

జెర్విన్ మెట్ల మీద కూలబడ్డాడు. లీజెల్ కోటు జేబులోంచి రుమాలు తీసి అందించింది.

"ఏడవట్లేదండీ," అన్నాడు.

"తెలుసు. చెంప మీద చేప పొలుసుంది. తుడుచుకోండి."

పోలీసు ఫిర్యాదు ఇచ్చారు. బోయెట్ దొరకలేదు. పోయిన డబ్బు రాదని రెండు ఇళ్ళవాళ్ళూ మింగలేక కక్కలేక ఒప్పుకున్నారు. కారు మాత్రం ఉంది. కాబట్టి చెరిసగం కట్టి ఎలాగైనా నిలబెట్టుకుందాం అనుకున్నారు. కొన్నాళ్ళు వాళ్ళింట్లో, కొన్నాళ్ళు వీళ్ళింట్లో కారు. అమ్మమ్మకి వ్యాయామం ఉన్న రోజుల్లో మాత్రం ఎవరింట్లో ఉన్నా వచ్చి తీరాలి.

ఆ రోజుల్లో డ్రైవింగు జెర్విన్ వంతు ఎలా అయిందో ఎవరికీ తెలీదు. రాత్రి షిఫ్టు ముగించుకుని, నిద్ర కళ్ళతో వచ్చేవాడు.

"మళ్ళీ మీరేనా? మా నాన్న తోలగలరు," అనేది లీజెల్.

"అమ్మమ్మ నా డ్రైవింగే బాగుందన్నారు."

"అమ్మమ్మకి మీ డ్రైవింగ్ కాదు, మీ ఏసీ బాగుంది."

జూన్ వానలు మొదలయ్యాయి. ఆస్పత్రి బయట అద్దాలు మూసుకుని కూర్చుంటే లోపల ఆవిరి పొగమంచులా కమ్మేది. లీజెల్ వేలితో అద్దం మీద గీతలు గీస్తూ తన ల్యాబ్ కబుర్లు చెప్పేది. సూది చూడగానే మూర్ఛపోయిన పోలీసు, రక్తం వెనక్కి ఇచ్చేయమని తగాదా పడ్డ ముసలాయన. జెర్విన్ నవ్వి నవ్వి హారన్ మీద పడేవాడు. 'మీరు' కాస్తా ఎప్పుడో 'నువ్వు' అయింది. ఒకసారి వానలో ఆమె జుట్టు తడిస్తే, తుడుచుకోమని తన జాకెట్ ఇచ్చాడు. ఆమె తిరిగి ఇవ్వలేదు. అతను అడగలేదు.

బ్యాంకుకి వెళ్ళిన రోజునే మొత్తం తలకిందులైంది.

పాత బాకీ, జరిమానాలూ కలిపి అప్పుని కొత్తగా రాస్తామంది ఆఫీసరమ్మ. కంప్యూటర్ వాళ్ళ వైపు తిప్పింది. "ఇప్పటి వడ్డీ ప్రకారం నెలకి ఇరవై ఒక్క వేలు."

"పద్నాలుగు కదండీ?" అంది లీజెల్.

"అది పాత వడ్డీ అమ్మా. ఇప్పుడు రేట్లు పెరిగాయి. పైగా ఒకసారి వాయిదా తప్పిన అప్పు ఇది."

 ఇరవై ఒక్క వేలంటే జెర్విన్ నెల జీతం కంటే ఎక్కువ. నాన్న కొన్న కారు, అమ్మమ్మ కాలు, ఈ వానలు, ఈ అద్దాలు అన్నీ ఒక్కసారిగా చేజారిపోతున్నట్టు అనిపించింది.

ఆఫీసరమ్మకి జాలేసింది. "మీరిద్దరూ వేరువేరు కుటుంబాలు కాబట్టి ఇబ్బంది. అదే భార్యాభర్తలైతే రెండు జీతాలూ కలిపి చూస్తాం. వడ్డీ కూడా బాగా తగ్గుతుంది."

"అవుతాం మేడమ్!" అన్నాడు జెర్విన్. "డిసెంబర్లో మా పెళ్ళి."

లీజెల్ బొమ్మలా బిగుసుకుపోయింది. ఆఫీసరమ్మ చప్పట్లు కొట్టినంత పని చేసి ఇద్దరికీ శుభాకాంక్షలు చెప్పింది. పక్క కౌంటర్లోంచి కూడా ఎవరో చెప్పారు.

బయట కుండపోతగా వాన. లీజెల్ గొడుగు తెరవకుండా నడిచిపోతోంది. జెర్విన్ వెనకే పరిగెత్తాడు.

"లీజెల్, ఆగు! ఆవిడ అలా అనేసరికి..."

"నన్ను అడిగావా?"

"అడుగుదామనే అనుకుంటున్నా. చాలా రోజుల్నించీ."

"మరి చాలా రోజుల్నించీ అడగనివాడివి, వడ్డీ తగ్గుతుందనగానే అడిగేశావు. అది కూడా నన్ను కాదు, బ్యాంకుని!"

"మీకు కలిగిన అసౌ..."

"ఆ మాట అన్నావంటే ఈసారి చేప కాదు, చెప్పు!" ఆమె కళ్ళల్లో వాననీళ్ళో, వేరే నీళ్ళో. "నువ్వు చూస్తున్నది నన్నో, తగ్గే వాయిదానో నాకెలా తెలుస్తుంది జెర్విన్? పోనీ, నీకు తెలుసా?"

తెలుసు అనబోయాడు.  నిజంగానే తెలుసా? ఆ క్షణంలో ఇరవై ఒక్క వేలు తప్ప తన తలలో ఇంకేమైనా ఉందా? తన నోరు తననే మోసం చేసినట్టనిపించింది. అతని మౌనం చూసి లీజెల్ జీప్నీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అమ్మమ్మని ఆస్పత్రికి నెస్టరే తీసుకెళ్ళేవాడు. జెర్విన్‌కి తెల్లవారి, రాత్రి షిఫ్టు అయిపోయాక ఎటు వెళ్ళాలో తోచేది కాదు. కారు తన ఇంటిముందే ఉన్న రోజున వెళ్ళి లోపల కూర్చున్నాడు. మెత్తటి సీటు, చల్లటి గాలి, నాన్న కొన్న బండి. అందులో తనకి కావాల్సింది ఏదీ లేదు. పక్కసీటు ఖాళీగా ఉంది, అంతే. ఆమె అడిగినదానికి జవాబు అప్పుడు దొరికింది.

బ్యాంకుకి వెళ్ళి కనుక్కుని, అక్కణ్ణించి నేరుగా నెస్టర్ కొట్టుకి వెళ్ళాడు. నెస్టర్ పొగలు కక్కే నూడుల్స్ గిన్నెల మధ్య చెమటలు కక్కుతున్నాడు.

"అంకుల్, కారు బ్యాంకుకి ఇచ్చేద్దాం."

గరిటె గిన్నెలో పడింది. "మతి పోయిందా? ఇంత పోసి, ఇప్పుడు ఇచ్చేయాలా?"

"పోసింది పోయింది. నెలనెలా ఇరవై ఒక్క వేలు ఎన్నాళ్ళు పోస్తాం? అందులో నాలుగోవంతు పెడితే అమ్మమ్మని టాక్సీలో తిప్పొచ్చు. బండి ఇచ్చేస్తే కేసు లేకుండా ఖాతా మూసేస్తామని బ్యాంకువాళ్ళు ఒప్పుకున్నారు. కనుక్కునే వచ్చాను."

"మీ నాన్న గుర్తు కదయ్యా అది!"

"మా నాన్న బతికుంటే మా అమ్మని కోర్టు మెట్లు ఎక్కనిచ్చేవాడు కాదు అంకుల్."

నెస్టర్ గిన్నెలోంచి గరిటె తీసి, సరే అన్నట్టు తలూపాడు. లోపలి గదిలో ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆ తరుగుతున్నది లీజెల్ అని జెర్విన్‌కి తెలీదు.

కారు అప్పజెప్పే రోజున రెండు కుటుంబాలూ అందులోనే వచ్చాయి. ఎర్లిండా దారంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. బ్యాంకు వెనక పెరట్లో అలాంటి కార్లే వరసలు కట్టి ఉన్నాయి, కొన్నింటికి ఇంకా పిల్లల బొమ్మలు వేలాడుతున్నాయి. అన్ని ఇళ్ళల్లో ఇదే జరిగిందా అనిపించింది అందరికీ.

ఆఫీసరమ్మ తాళాలు తీసుకుంది. "పోన్లెండి, డిసెంబర్లో పెళ్ళి పెట్టుకుని ఈ బరువెందుకు?"

"ఎవరి పెళ్ళి?" అన్నాడు నెస్టర్.

"ఏ డిసెంబర్?" అంది ఎర్లిండా.

"నాకు చెప్పలేదేం?" అరిచింది అమ్మమ్మ.

 అందరూ జెర్విన్‌నే చూస్తున్నారు, లీజెల్ తప్ప. ఆమె నేలని చూస్తోంది.

"అబద్ధం చెప్పాను మేడమ్," అన్నాడు. "వడ్డీ తగ్గుతుందని చెప్పాను. క్షమించండి." ఊపిరి పీల్చుకుని లీజెల్ వైపు తిరిగాడు. "ఆరోజు నువ్వు అడిగితే నాకు జవాబు తెలీలేదు. అందుకే వాయిదాని మన మధ్యలోంచి తీసేశాను. ఇప్పుడు కారు లేదు, అప్పు లేదు. నిన్ను పెళ్ళి చేసుకుంటే నాకు ఒక్క పెసో కలిసిరాదు. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

 లీజెల్ తలెత్తింది.

"డిసెంబర్ కుదరదు," అంది.

జెర్విన్ తల వంచుకున్నాడు.

"డిసెంబర్లో మా ల్యాబ్‌లో సెలవివ్వరు. ఫిబ్రవరి అయితే చూద్దాం."

ఎర్లిండా 'దేవుడా' అంటూ ఆఫీసరమ్మని కౌగలించుకుంది. నెస్టర్ ఏమనాలో తోచక, అప్పజెప్పేసిన కారుకే ఆనుకుని నిలబడ్డాడు.

"ఆగండాగండి," అంది అమ్మమ్మ. "పిల్లనడగాలంటే పిల్ల ఇంటికి రావాలి. తినడానికి తేవాలి. బ్యాంకు పెరట్లో అడుగుతారా ఎవరైనా? పదండి ఇంటికి!"

"అమ్మమ్మా, టాక్సీ పిలుస్తా," అన్నాడు జెర్విన్.

"పెళ్ళి ఖర్చుంది, టాక్సీ ఎందుకు? జీప్నీ ఎక్కుతా."

అందరూ ఉలిక్కిపడ్డారు. ఎక్కలేదనేగా ఇంత కథా జరిగింది! కానీ జీప్నీ రానే వచ్చింది. నెస్టర్ ముందునుంచి లాగాడు, జెర్విన్, లీజెల్ వెనకనుంచి ఎత్తారు. లోపలున్న కాలేజీ పిల్లలు చేతులు అందించారు. అమ్మమ్మ తిట్లతో సహా పైకెక్కింది. దారిలో ఎర్లిండా బండి ఆపించి, దిగి, కాల్చిన కోడి ఒకటి కొనుక్కొచ్చింది.

వాన మొదలైంది. ప్లాస్టిక్ తెరలు దించారు. లోపల ఊపిరాడనంత ఉక్క. ఇరుకు బెంచీ మీద లీజెల్ భుజం జెర్విన్ భుజానికి ఒత్తుకుంది.

"ఇంకా నమ్మలేకపోతున్నా," అన్నాడు అతను చిన్నగా.

"దేన్ని?"

"నువ్వు ఒప్పుకోవడాన్ని."

"నేనూ నమ్మలేకపోతున్నా," అంది లీజెల్. వేడివేడి కోడి పొట్లాన్ని అతని ఒళ్ళోకి నెట్టి, ఖాళీ అయిన చేత్తో అతని చేతిని గట్టిగా పట్టుకుంది. "మాట్లాడకు. మా నాన్న చూస్తున్నాడు."