బోదె గట్టున లవంగాల వాసన

ఆ ఆదివారం మధ్యాహ్నం సత్యప్రియ వాళ్ళ పెరడంతా లవంగాల వాసనే. పలావు వండుతున్నారనుకుని పక్కింటి పిల్లి కూడా గుమ్మం దాకా వచ్చి చూసిపోయింది.

వంటా లేదు, వార్పూ లేదు. ఆరో తరగతి చదివే సత్యప్రియ ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చిమ్మే స్ప్రే సీసాలో కలుపు మందు కలుపుతోంది. లవంగ నూనె, కాసిని సబ్బునీళ్ళు, అంతే. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ కోసం సరోజిని టీచరుగారు నేర్పిన మందది.

"పురుగుమందుల కొట్లో దొరికే విషం లాంటిది కాదమ్మా ఇది," అని చెప్పేరు టీచరుగారు. "మిట్టమధ్యాహ్నం ఎండలో చల్లితే సాయంత్రానికి ఆకు మాడిపోతుంది. కానీ ఏది మంచి మొక్కో, ఏది పిచ్చి మొక్కో దానికి తెలీదు. ఏ ఆకు మీద పడితే ఆ ఆకునే మాడుస్తుంది. చూసుకుని చల్లాలి. ఇంకో సంగతి. అది వేరుని ఏమీ చెయ్యలేదు. మొక్క మళ్ళీ చిగురేస్తుంది."

ఇంత చెబితే సత్యప్రియ చెవికెక్కింది 'విషం కాదు' అన్న ఒక్క మాటే. వేరు సంగతి విన్నప్పుడు మాత్రం, ఇదేం మందు, సగం పనే చేస్తుంది అనుకుంది.

మామ్మ అరుగు మీద కునుకు తీస్తోంది. లేపి అడిగితే సవాలక్ష ప్రశ్నలు వేస్తుంది. ఎందుకొచ్చిన గొడవ అనుకుని సత్యప్రియ ఒక్కత్తే కొబ్బరిచెట్ల వెనక్కి వెళ్ళింది. అక్కడ తోటకి నీళ్ళు పారే బోదె ఉంది. దాని గట్టు మీద తెల్లటి చిట్టి పూలతో ఏదో పిచ్చి మొక్క గుబురుగా పెరిగింది. ఎగ్జిబిషన్‌లో చూపించడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? సీసా ఖాళీ అయ్యేదాకా చల్లేసింది.

పొద్దువాలేసరికి ఆకులన్నీ నల్లగా వాలిపోయాయి. సత్యప్రియ ఆనందం అంతా ఇంతా కాదు.

అప్పుడే మామ్మ రాజేశ్వరమ్మ బుట్ట పట్టుకుని వచ్చింది. గట్టు చూసి ఆగిపోయింది.

"ఇక్కడ గుంటగలగర ఉండాలి కదే. ఎవరు మాడ్చేరు దీన్ని?"

"నేనే మామ్మా. అది కలుపు కదా."

"కలుపా? మరి నీ తలకి రాసే నూనె దేంతో కాస్తున్నాననుకున్నావే?"

ఆ రోజుల్లో షాంపూ అంటే ఏ పండక్కో, పెళ్ళికో. మిగతా రోజులన్నీ మామ్మ కాచిన నూనె, రెండు జడలు, మడిచి కట్టిన రిబ్బన్లు. నూనె చెంపల మీదకి కారిందని రోజూ పేచీ పెట్టేది కానీ, అందులో ఏ ఆకు వేస్తావని ఒక్కనాడూ అడగలేదు.

మామ్మ కేకలేసినా బాగుండేది. గట్టు మీద కూలబడి నెమ్మదిగా అంది.

"కరుణ కోసం పూత దాకా ఉంచేను. ఆ పిల్ల సీసా కూడా కడిగి ఆరబెట్టుకుందట. చుట్టుపక్కల గట్లన్నీ మొన్ననే చెక్కేసేరు. ఇప్పుడెక్కడి నుంచి తేను?"

కరుణ సత్యప్రియకి ప్రాణస్నేహితురాలు. టైఫాయిడ్ వచ్చి తగ్గింది కానీ, జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది. తలకి స్కార్ఫ్ కట్టుకుని వస్తే క్లాసులో ఎవరో లాగేశారు. ఆ రోజు నుంచి స్కూలుకి రావడం లేదు. మామ్మగారి నూనె రాసుకున్నాకే వస్తానని కూర్చుంది.

సత్యప్రియకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూ ఉంటేనే టీచరుగారి మాట గుర్తొచ్చింది. అది వేరుని ఏమీ చెయ్యలేదు. క్లాసులో పనికిరాదనుకున్న ఆ మాటే ఇప్పుడు కొండంత ధైర్యం అయింది.

మర్నాడు స్కూలుకి వెళ్ళేముందే కరుణ వాళ్ళింటికి వెళ్ళింది. కిటికీలో బోర్లించి ఉన్న సీసా వంక చూడలేకపోయింది.

"నీ నూనె మొక్కల్ని నేనే మాడ్చేశానే. తెలీక చేశాను. అసలు తెలుసుకోలేదు."

కరుణ స్కార్ఫ్ కొస మెలిపెట్టింది. "మళ్ళీ వస్తాయా?" అంది.

"వేరు బతికే ఉంటుందన్నారు టీచరుగారు. నేను చూసుకుంటాను."

ఎగ్జిబిషన్‌లో మాడిన మొక్కని అందరికీ చూపించింది సత్యప్రియ. "మందు మంచిదేనండి. నేనే చూసుకోకుండా చల్లేను," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. బహుమతి ఇంకెవరికో వచ్చింది. దాని గురించి ఆలోచించే తీరిక ఆమెకి లేదు. బడి వదలగానే బోదె దగ్గరికి పరుగెత్తి, మాడిన కాడల మొదట్లో చెంబుతో నీళ్ళు పొయ్యడమే పని.

రోజులు గడిచాయి. ఒక పొద్దున్న నల్లటి కాడ పక్కన పెసరగింజంత చిగురు కనిపించింది. "మామ్మా, రావే," అని కేకలేస్తూ ఇంట్లోకి పరుగెత్తింది.

ఆ చిగుళ్ళు పెరిగి పూతకొచ్చాక, మామ్మ ఆకు నూరి రసం తీసి, తోటలోని కొబ్బరికాయల నూనెలోనే కాచింది. ఆ వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. సీసా పట్టుకుని కరుణ తనే వచ్చింది. అరుగు మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే స్కార్ఫ్ విప్పింది. అప్పటికే కొత్త వెంట్రుకలు కురచగా నిక్కబొడుచుకుని ఉన్నాయి. మామ్మ వాటికి నూనె పట్టిస్తుంటే సత్యప్రియ పక్కనే కూర్చుని చూసింది.

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి స్కూలుకి వెళ్ళారు.

ఆ తర్వాతి ఆదివారం పెరట్లో మళ్ళీ లవంగాల వాసన. గట్టు మీద తుంగ మొలిచింది మరి. కరుణ చేతిలో స్ప్రే సీసా ఉంది. సత్యప్రియ ఒళ్ళో కొబ్బరి చిప్పలున్నాయి. గుంటగలగర పిలకలు కనిపించిన చోటల్లా ఒక్కో చిప్ప బోర్లిస్తోంది.

"ఇంక చల్లెయ్యనా?" అంది కరుణ.

"ఆగవే." సత్యప్రియ ఇంకో మొక్క ముందు గొంతుక్కూర్చుంది. గుండ్రటి ఆకుల చిన్న మొక్క. అది ఏంటో తనకి తెలీదు. అరుగు మీద కునుకు తీస్తున్న మామ్మకి వినపడేలా కేకేసింది.

"మామ్మా, ఒకసారి లేవవే. దీని పేరేంటి?"