ప్రతి ఫొటోలోనూ తెల్లటి ముఖం

బోత్వెల్ దాటాక వచ్చే పాత ఉన్ని షెడ్డు మంచిది కాదని మా టాస్మానియాలో చుక్క ముట్టనివాళ్లు కూడా చెబుతారు. గొర్రెల బొచ్చు కత్తిరించే మనిషొకడు అక్కడే గుండె ఆగి పోయాడట. చీకటి పడితే గుమ్మంలో నిలబడతాడట...

నాకు అలాంటి నమ్మకాల్లేవు. అడగనివాళ్లకి కూడా ఆ మాట చెప్పేవాణ్ణి. అందుకే టీగన్ అనే అమ్మాయి పెళ్లి ఫొటోలు ఆ షెడ్డులోనే ధైర్యంగా తీశాను.

ఆ రాత్రి ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని వాటిని కంప్యూటర్లో దిద్దుతున్నాను. మొదటి ఫొటోలో పెళ్లికూతురి ముఖం నీడలో పడింది. ముఖం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో గీసి, అంతమేరా వెలుగు పెంచాను. బాగా వచ్చింది. ఇవే మార్పులు మిగతా ఫొటోలన్నింటికీ ఒక్క నొక్కుతో వేసేసి, టీ పెట్టుకోవడానికి లేచాను.

తిరిగొచ్చి చూద్దును కదా —

ఖాళీ గుమ్మం చీకట్లో... తెల్లటి ముఖం!

తర్వాతి ఫొటో గొర్రెల దొడ్డిది. అక్కడా అదే... కళ్లు లేవు, నోరు లేదు. కేకు కోస్తుంటే — పెళ్లికొడుకు భుజం వెనకే!

టీ కాస్తా నా కాళ్ల మీద పడింది. గాబరాలో కేకు ఫొటో టీగన్‌కి పంపేసి, "మీతోపాటు ఇంకెవరో ఉన్నారు" అని రాశాను కూడా. పైజామాతోనే పరిగెత్తి పక్కింట్లో ఉండే మా అక్క బ్రాన్విన్ తలుపు బాదాను.

అక్క వచ్చి చూసింది. తనూ బిగుసుకుపోయింది. తర్వాత మెల్లగా మొదటి ఫొటో తెరిచింది...

"ఒరేయ్ లాక్లన్... ఈ గుడ్డు గీసిందెవరు?" గుసగుసగా అడిగింది.

"నేనే."

"దీన్ని కూడా అన్నింటికీ, అదే చోట వేసేశావా?"

అవునన్నట్టు తలూపాను.

"దయ్యం దొరికిందిరా. పైజామా వేసుకుని నా ఎదురుగానే ఉంది."

తల కొట్టేసినంత పనయింది. వెంటనే టీగన్‌కి ఫోన్ చేశాను.

"అమ్మా, అది దయ్యం కాదు, నా తెలివితక్కువ..."

"తెలుసండీ," గొంతు తగ్గించింది. "నేనూ ఫొటోలు దిద్దుకుంటాను, ఆ మాత్రం పోల్చుకోలేనా? కానీ అమ్మ చూసేసింది... నాన్న పెళ్లికొచ్చాడంటోంది. ఆయన పోయాక అమ్మ నవ్వడం ఇదే మొదలు."

"మరి... తీసెయ్యనా?"

"మిగతావాటిలో తీసెయ్యండి. ఇదొక్కటీ ముట్టుకోకండి. మీరు మాత్రం... నోరు విప్పొద్దు."

వెనక నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది —

"చూడవే... ఇంత షెడ్డుంటే, వచ్చి వచ్చి కేకు దగ్గరే నిలబడ్డాడు, తిండిపోతు!"