నాలుగూ యాభై, ఎనిమిది లీటర్లు

"హలో, గీజర్ మనిషేనా?"

"గీజర్ మనిషి కాదండీ. ఎనర్జీ సర్వే..."

"ఏదో ఒకటి. నా తల నిండా షాంపూ ఉంది. కుళాయిలో చన్నీళ్లు వస్తున్నాయి. గీజర్ మీద స్టిక్కరుంది, స్టిక్కరు మీద మీ నంబరుంది. ఏం చెయ్యమంటారు, ఈ నురగతోనే డ్యూటీకి వెళ్లిపోనా?"

పొద్దున్న ఐదూ ఇరవై. సర్వే అబ్బాయి దుప్పట్లోంచి లేచి కూర్చున్నాడు.

"ఏ ఫ్లాటండీ?"

"పన్నెండు."

"గీజర్ పక్కన ఎర్ర స్విచ్ ఉంటుంది. ఆన్‌లో ఉందా?"

అవతల బకెట్ పక్కకి జరిపిన చప్పుడైంది.

"ఆఫ్‌లో ఉంది."

"ఎవరు ఆఫ్ చేశారు?"

"నిన్న మీరు దానికి దుప్పటి చుట్టి వెళ్లాక మేమెవరం ముట్టుకోలేదు."

అప్పుడు అతనికి గుర్తొచ్చింది. పని అయ్యాక స్విచ్ వెయ్యడం మరిచిపోయాడు. "సారీ అండీ. ఇరవై నిమిషాల్లో వేడెక్కుతాయి."

"ఇరవై నిమిషాల్లో నా బస్సు వెళ్లిపోతుంది," అంది ఆ అమ్మాయి. తర్వాత ఫోను పెట్టకుండానే చన్నీళ్లు పోసుకున్నట్టుంది. వినపడిన కేకకి అతను ఫోను చెవికి దూరంగా పెట్టాల్సి వచ్చింది. నంబరు సేవ్ చేసేటప్పుడు పేరు తెలియక 'షాంపూ' అని రాసుకున్నాడు.

ఆ బిల్డింగులో ముప్పై ఆరు ఫ్లాట్లు. ప్రతి బాత్రూములో పాతిక లీటర్ల ట్యాంకున్న గీజర్ ఒకటి. స్నానం చేసేటప్పుడే గీజర్ కరెంటు తాగుతుందని అందరూ అనుకుంటారు. ఎవరూ కుళాయి తిప్పకపోయినా ట్యాంకులో వేడి గోడలోకీ గాల్లోకీ పోతూనే ఉంటుంది, చల్లారిన నీళ్లని గీజర్ మళ్లీ కాస్తూనే ఉంటుంది. ఆ వృథా తగ్గించడం సర్వే అబ్బాయి పని. ట్యాంకుకి మందపాటి తొడుగు వెయ్యాలి. వేడి గొట్టానికి రబ్బరు తొడగాలి. వేడి ఎంత ఉండాలో చెప్పే మర డెబ్భై ఐదు డిగ్రీల దగ్గరుంటే, దాన్ని అరవైకి తిప్పాలి. ఆఖరున టైమరు పెట్టాలి. ఏ నిమిషంలో ఎన్ని లీటర్లు వాడారో, ఎంత వేడి మీద వాడారో రాసుకునే చిన్న పెట్టె ఒకటి గొట్టానికి బిగించాలి. మొత్తం మీద పాతిక శాతం కరెంటు మిగిలితే కంపెనీకి ఇంకో నాలుగు వందల ఫ్లాట్ల పని వస్తుంది. అతని ఉద్యోగం పర్మనెంటవుతుంది. మిగలకపోతే రెండూ లేవు.

సాయంత్రం క్షమాపణ చెప్పుకుందామని పన్నెండో నంబరు తలుపు తట్టాడు. వాళ్ల అమ్మమ్మ తీసింది.

"నువ్వేనా బాబూ, పొద్దున్నే మా పిల్లని చన్నీళ్లలో ముంచింది?"

"అవునండీ."

"మంచిపని చేశావు. నేను ఎన్నిసార్లు లేపినా లేవదు. ఇవాళ బిల్డింగంతా లేచింది దాని కేకకి. రా, టీ తాగు."

షాంపూ లోపల్నుంచి వచ్చింది. ఆస్పత్రిలో ఈసీజీ తీసే ఉద్యోగం. వీపు మీద నడుం దాకా జడ. ఒక్క వెంట్రుక పక్కకి లేదు.

"ఓహో, గీజర్ మనిషి."

"ఎనర్జీ సర్వే అండీ. యూనిట్లు మిగిలిస్తాం."

"అయితే యూనిట్ గారూ, ఆ పెట్టె ఏమిటి? మేం ఎప్పుడు స్నానం చేస్తామో మీకు తెలిసిపోతుందా?"

"గీత మాత్రమే కనపడుతుందండీ. మనుషులు కనపడరు."

"గీతలోనే కనపడతారు. నేను రోజూ నలభై మంది గుండెలు చూస్తాను. ఒక్కళ్ల మొహమూ గుర్తుండదు, గీత గుర్తుంటుంది."

అమ్మమ్మ టీ కప్పుని రెండు చేతుల మధ్య ఇరికించి తెచ్చింది. వేళ్లతో కాదు, అరచేతులతో. అతను చూడటం గమనించి నవ్వింది.

"ముప్పై ఏళ్లు టైపు మిషను కొట్టిన వేళ్లు బాబూ. ఇప్పుడు మొండికేశాయి. తెల్లారే లేచి ఒక బకెట్‌లో వేడినీళ్లు పట్టుకుని, కాలకుండా చన్నీళ్లు కలిపి పావుగంట చేతులు ముంచుతాను. అప్పుడు గానీ విచ్చుకోవు. అవి విచ్చుకుంటేనే దీనికి జడ. నువ్వేం చేసినా ఆ నీళ్లు మాత్రం ఆపకు."

"ఎందుకాపుతాను అమ్మమ్మా," అన్నాడు అతను. ఆ మాట ఆరోజు మనసారానే అన్నాడు.

తర్వాత పది రోజుల్లో తొడుగు సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆ ఇంటికి మూడుసార్లు వెళ్లాడు. మిగతా ముప్పై ఐదు ఇళ్లలో ఒక్కసారి చూస్తే సరిపోయింది.

"ఏం యూనిట్, మా గీజర్‌కేమైనా జ్వరమా? ఇన్నిసార్లు నాడి చూస్తున్నావు," అంది షాంపూ మూడోసారి. అండీ, గారూ అప్పటికే పోయాయి.

"ఈసీజీ తీస్తావేమో అడుగుదామని."

"గీజర్‌కా, నీకా?"

అతను స్క్రూడ్రైవర్ కింద పడేసుకున్నాడు. లోపలి గదిలో అమ్మమ్మ దగ్గింది. ఆ దగ్గు దగ్గులా లేదు.

చలి ముదిరాక టైమర్లు పెట్టారు. పొద్దున్న ఐదుంబావు నుంచి ఆరుంబావు దాకా, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా కరెంటు. ముప్పై ఆరు ఇళ్లకీ ఒకటే టైము. ఆరు వారాలు ఎవరూ మార్చకూడదు, మారిస్తే లెక్క చెడుతుందని మేనేజర్ గట్టిగా చెప్పాడు.

మొదటి సోమవారం అతను ఆఫీసులో కూర్చుని పెట్టెల్లోంచి లెక్కలు దించుకున్నాడు. పన్నెండో నంబరు వచ్చింది. సాయంత్రం ఏడూ నలభై ఐదుకి ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి స్నానం. దాంతో ట్యాంకులో వేడి సరి. మళ్లీ కరెంటు వచ్చేది తెల్లారి ఐదుంబావుకి. ఈలోగా ఇంకో చిన్న గీత ఉంది.

నాలుగూ యాభై. ఎనిమిది లీటర్లు. ఇరవై మూడు డిగ్రీలు.

మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడూ అంతే. వారం పొడుగునా అమ్మమ్మ అదే వేళకి లేచి, బకెట్ నింపి, అందులో చేతులు ముంచింది.

అతనికి అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. టైమరు ఒక్క గంట ముందుకు జరపాలి, అంతే. స్క్రూడ్రైవర్ పట్టుకుని లేచాడు కూడా. అప్పుడే మేనేజర్ వెనక నుంచి వచ్చి తెర మీదకి వంగాడు.

"పన్నెండు ముప్పై రెండు శాతమా! బిల్డింగులోకెల్లా ఇదే ఫస్టు. దీన్ని ముట్టుకోకు. మొత్తం సగటు దీని మీదే నిలబడేట్టుంది."

అతను కూర్చున్నాడు. వచ్చే సోమవారం చూద్దాం అనుకున్నాడు. ఆ సోమవారం వచ్చింది, ఇంకోటీ వచ్చింది. అమ్మమ్మ ఒక్క మాట అంటే మార్చేద్దాం అనుకున్నాడు. అమ్మమ్మ అనలేదు. పైగా మెట్ల మీద కనపడితే, "మన ఇల్లేనటగా ఫస్టు ర్యాంకు? మీ మేనేజర్ చెప్పాడు. నీ ఉద్యోగం ఖాయమైనట్టే!" అంది. చేతులు శాలువాలో ఉన్నాయి.

"అంతా బాగానే ఉందా అమ్మమ్మా?" అని అడిగాడు.

"బ్రహ్మాండంగా ఉంది నాయనా," అంది ఆవిడ. అతను నమ్మడం మొదలుపెట్టాడు.

నాలుగో వారంలో ఒక సాయంత్రం జల్లు పడింది. బస్టాపులో కారుతున్న రేకు కింద ఇద్దరే నిలబడ్డారు. గొడుగు ఆమెది. అతని కుడి భుజం తడుస్తోంది, ఎడమ భుజం ఆమె భుజానికి ఆనింది. తడిసిన భుజం సంగతి అతనికి ఇంటికి వెళ్లేదాకా తెలియలేదు.

"ఉద్యోగం పర్మనెంటయ్యాక మా అమ్మని తీసుకొస్తాను," అన్నాడు.

"దేనికి? గీజర్ చూడటానికా?"

"ఆఁ, గీజరే. పన్నెండో నంబరుది."

"వారంటీ ఉందో లేదో కనుక్కోమను." నవ్వింది. తర్వాత నవ్వకుండా, "తీసుకురా," అంది.

గాలికి జుట్టు ఆమె మొహం మీద పడింది. ఒక రబ్బరు బ్యాండు తప్ప ఏమీ లేదు.

"జడేది?"

"అమ్మమ్మ వెయ్యనంది. ఇంత వయసొచ్చాక ఇంకా నేనేంటి, నువ్వే వేసుకో అంది. నాకా అది రాదు. నెల్లాళ్లయింది. నా మీద కోపమేమో అనుకున్నాను. నిన్ను చూస్తే మాత్రం నవ్వుతుంది, కాబట్టి నీ గురించి కాదు."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. రిపోర్టుకి ఇంక రెండు వారాలే ఉంది.

"ఇలాగే బాగున్నావు," అన్నాడు.

ఆమె సిగ్గుపడింది. మర్నాటి నుంచి జుట్టు అలాగే వదిలేసింది.

ఆరు వారాలు అయ్యాయి. కింద హాల్లో కుర్చీలు వేసి అందరినీ పిలిచారు. సగటు ఇరవై ఐదు పాయింట్ మూడు. చప్పట్లు కొట్టారు. మేనేజర్ పన్నెండో నంబరు గీతని గోడంత చేసి చూపించాడు. అమ్మమ్మ ముందు వరసలో కూర్చుంది. పక్కన షాంపూ.

"చూడండి, ఎంత పొదుపైన కుటుంబమో!"

షాంపూ నవ్వుతూనే తెర వైపు చూసింది. రోజూ నలభై గీతలు చదివే కళ్లు. నవ్వు ఆగిపోయింది.

"సర్, నాలుగూ యాభై దగ్గర చిన్నది ఉంది. అదేమిటి?"

"ఎనిమిది లీటర్ల వాడకం అమ్మా. ఇరవై మూడు డిగ్రీలు. అంటే చన్నీళ్లే, కరెంటు సున్నా. మాకు కావలసింది అలాంటి వాడకమే."

"ఎన్నాళ్ల నుంచి?"

"టైమరు పెట్టిన రోజు నుంచీ, రోజూ."

ఆమె అమ్మమ్మ వైపు తిరిగింది. అమ్మమ్మ శాలువా సర్దుకుంది. ఆమె ఆ శాలువా తీసి, ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుని, వేళ్లు విప్పబోయింది. అవి విచ్చుకోలేదు. తర్వాత గోడ దగ్గర నిలబడ్డ సర్వే అబ్బాయిని చూసింది. అతను తల దించుకున్నాడు. అంతకన్నా సాక్ష్యం ఆమెకి అక్కర్లేకపోయింది.

ఆమె లేచి వెళ్లిపోతుంటే అతను మెట్ల దగ్గర అందుకున్నాడు.

"నువ్వు ప్రతి సోమవారం చూస్తావుగా ఇది?"

"చూస్తాను."

"మొదటి సోమవారమే తెలిసిందా?"

"తెలిసింది. మనకోసమే ఆగాను. ఉద్యోగం వస్తే..."

"మనకోసమా? చన్నీళ్లలో చేతులు పెట్టింది ఎవరు? నువ్వా, నేనా?"

"అమ్మమ్మ ఒక్క మాట అడిగి ఉంటే..."

"తను అడగదు. నీ ర్యాంకు పోతుందని అడగదు. ఆ సంగతీ నీకు తెలుసు." ఆమె గొంతు పెంచలేదు. "నాకు జడ వెయ్యనంటే ఆరు వారాలు తన మీద అలిగాను నేను. మాట్లాడటం తగ్గించాను. ఆ గొడుగు కింద నీకు చెప్పాను కదా. నువ్వేమన్నావు?"

అతను ఒక మెట్టు కిందికి దిగాడు.

"బాగున్నావన్నావు," అంది ఆమె. మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే అతను పన్నెండో నంబరుని తీసేసి లెక్క మళ్లీ వేశాడు. తప్పు ఒప్పుకుని రిపోర్టు వెనక్కి తీసుకుందామని. ముప్పై ఐదు ఇళ్ల సగటు ఇరవై ఐదు పాయింట్ ఒకటి వచ్చింది. రెండోసారి వేసినా అదే వచ్చింది. ఆ ఇల్లు లేకపోయినా పాసే. ఆ లెక్కకి పట్టింది రెండు నిమిషాలు. ఆరు వారాల్లో ఏ రోజైనా వేసి ఉండొచ్చు.

మేనేజర్‌కి అంతా చెప్పాడు. "అయితే తీసేసి పంపు, పీడా పోయింది," అన్నాడు మేనేజర్. పర్మనెంటు ఉత్తరం ఆ వారంలోనే వచ్చింది.

పెట్టెలు ఇంకో మూడు వారాలు గొట్టాల మీదే ఉన్నాయి. పన్నెండో నంబరులో ఎవరో టైమరు పీకేశారు. మరని డెబ్భై ఐదుకి తిప్పారు. పొదుపు మైనస్ నాలుగు. సోమవారం సోమవారం అతను మిగతావన్నీ వదిలేసి ఆ గీతే ముందు తెరిచేవాడు. నాలుగూ యాభై, ఎనిమిది లీటర్లు, డెబ్భై రెండు డిగ్రీలు.

ఆఖరి రోజు పెట్టెలు తెచ్చుకోవడానికి పొద్దున్నే వెళ్లాడు, జనం డ్యూటీలకి వెళ్లకముందే. పన్నెండో నంబరు తలుపు అమ్మమ్మే తీసింది. అతని పెట్టె కవరులో పెట్టి సిద్ధంగా ఉంచింది. నాలుగు స్క్రూలు చిన్న కాగితంలో పొట్లం కట్టి ఉన్నాయి.

"నేనే విప్పాను బాబూ," అంది, వేళ్లు ఆడించి చూపిస్తూ. "నువ్వు చెడ్డవాడివని నేననుకోను. పిల్లని అడగాలనుకుంటే అడుగు, నాకు సమ్మతమే. లోపలే ఉంది."

ఆవిడ భుజం మీదుగా లోపలి గది కనపడుతోంది. ముక్కాలిపీట మీద షాంపూ ఇటు వీపు పెట్టి కూర్చుంది. జడ సగం అల్లి ఉంది. విడిపోకుండా ఆ సగాన్ని తన చేత్తోనే గట్టిగా పట్టుకుంది. గోడకి అద్దం ఉంది. అద్దంలో అతను కనపడుతున్నాడని అతనికి తెలుసు.

ఆమె వెనక్కి తిరగలేదు.

"అమ్మమ్మా, నీ వేళ్లు మళ్లీ బిగుసుకుంటాయి," అంది. "తలుపేసి రా. చలిగాలి వస్తోంది."