పక్క మంచం అక్క

తుఫాను తీరం దాటుతున్న మధ్యాహ్నం ఆసుపత్రి కింది అంతస్తులోకి మోకాలి లోతు నీళ్ళొచ్చేశాయి. జనరేటర్ మునిగిపోయింది. ఇక మిగిలింది మేడ మీది బ్యాటరీలూ, డాక్టర్ మందాకిని తయారుచేసిన 'ఆసరా' అనే కంప్యూటరూ.

ప్రతి రోగి పరుపు కిందా ఒక సెన్సర్ ఉంటుంది. గుండె చప్పుడు, ఊపిరి, నిద్ర అన్నీ అది గమనిస్తుంది. ఆపద వేళ ఉన్న కాస్త కరెంటూ ఎవరికెంత ఇవ్వాలో, ఎవరిని ముందు పై అంతస్తుకి చేర్చాలో ఆసరా లెక్కగట్టి చెబుతుంది. కంగారులో మనుషులు చేసే పొరపాట్లు అది చేయదని మందాకిని నమ్మకం.

తెర మీద జబ్బార్ పేరొచ్చింది. రిటైరైన బస్సు డ్రైవరు, న్యుమోనియాతో ఆక్సిజన్ మీదున్నాడు. ఆ పేరు పక్కనే పోలేరమ్మ పేరూ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. తుంటి ఎముక విరిగింది తప్ప ప్రాణానికి భయం లేదు. 'ఇద్దరినీ కలిపే తరలించాలి' అంది ఆసరా.

మోసేవాళ్ళే కరువైన వేళ ఇదేం లెక్క అనుకుని, మందాకిని జబ్బార్‌ని ఒక్కణ్ణే పైకి పంపింది.

పైకి చేరగానే ఆయనకి ఊపిరి ఎగదన్నింది. ఆక్సిజన్ పెంచితే బ్యాటరీ కరిగిపోతోంది. మందాకిని ఆయన చెయ్యి పట్టుకుంది.

"దేనికండీ ఈ ఆయాసం?"

"అక్క... కింద నీళ్ళల్లో ఉండిపోయిందమ్మా."

"మీ అక్కగారా?"

"పక్క మంచం. నాకు దగ్గొచ్చినప్పుడల్లా మెల్లిగా పీల్చు తమ్ముడూ అంటది."

మందాకిని కిందికి దిగి, నర్సులతో పాటు తనూ స్ట్రెచర్ ఒక కొస పట్టింది. పోలేరమ్మని తెచ్చి ఆయన పక్కన పడుకోబెట్టారు.

"మెల్లిగా పీల్చు తమ్ముడూ. నేనూ పీలుత్తున్నాగా."

కాసేపటికి జబ్బార్ ఊపిరి కుదుటపడింది. మిగిలిన కరెంటు పక్క గదిలో పసిబిడ్డల ఇంక్యుబేటర్లకి తెల్లారేదాకా సరిపోయింది. ఆసరాకి అక్కాతమ్ముళ్ళ సంగతేమీ తెలియదు. ఆమె పక్కనుంటే ఆయనకి ఆక్సిజన్ తక్కువ పడుతుందని మాత్రం తెలుసు.

తుఫాను వెలిసింది. కొన్ని వారాలకి రోగులు కోలుకున్నారు. పోలేరమ్మని తీసుకెళ్ళడానికి కొడుకు నూకరాజు వచ్చాడు. ఆసరా డిశ్చార్జికి ఒప్పుకోలేదు. ఇద్దరినీ విడదీయకూడదంది. జబ్బార్‌కి ఇంటిదగ్గర ఎవరూ లేరు.

"మెషీన్ పొరపాటు. ఇప్పుడే సరిచేస్తాను," అంటూ మందాకిని కీబోర్డు దగ్గరికి జరుపుకుంది.

నూకరాజు తల్లి వంక చూశాడు. ఆమె జబ్బార్ దుప్పటి మడత పెడుతోంది. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు.

"ఉండనియ్యండి మేడంగారూ," అన్నాడు నూకరాజు. "మా మావకి ఇంటికాడ చేపల పులుసు పెట్టొచ్చో లేదో చెప్పండి, చాలు."

మందాకిని కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"పెట్టొచ్చు. కారం మాత్రం తగ్గించండి," అంది.