ఇరవై నాలుగో గుడ్డ

“హిమబిందుని కాల్చెయ్యాలి.”

సీక్రెట్ సర్వీస్ చీఫ్ గోవర్ధనరావు టీ ఊదుకుంటూ చెప్పాడు. 1998 ఫిబ్రవరి, ఒక శుక్రవారం పొద్దున్న. విజయవాడలో లాడ్జి గది. ఎదురుగా ఏజెంట్ శోభనాద్రి.

“సాయంత్రం ఐదింటికి బందరుకోటలో విదేశీ కొరియర్‌ని కలుస్తుంది. కోస్టల్ రాడార్ డ్రాయింగ్ చేతులు మారుతుంది. ఇద్దరూ బయటికి రాగానే మన షూటర్ ఫైర్ చేస్తాడు. నువ్వు ముందెళ్లి స్పాట్ చూడు.”

“సార్, ఆవిడ మన డబుల్ ఏజెంట్...”

“ఒకప్పుడు. వాళ్లవైపు తిరిగిపోయిందని రిపోర్ట్ రాసింది నువ్వే కదయ్యా!”

నిజమే. శోభనాద్రి లేచి బయల్దేరాడు.

హిమబిందుని మనవాళ్లు చొప్పించిన గూఢచారి ముఠా బందరులో హెరిటేజ్ క్లబ్ అని బోర్డు పెట్టుకుంది. వాక్‌మన్ అద్దెకిస్తారు. క్యాసెట్ చెప్పినట్టు నడుస్తూ పాత కట్టడాలు చూడాలి. అందులో గొంతు హిమబిందుది. ముఠాలో చేరేముందు, కవర్ కోసం, ఆమెకి నెల రోజులు కలంకారీ నేర్పింది పెడనలో శోభనాద్రి తల్లి అమ్మాజీయే. అయినా క్యాసెట్‌లో ఒక ఘోరమైన తప్పు చెప్పింది: “పటిక నీళ్లతో అచ్చు వెయ్యగానే ఎరుపు తేలుతుంది.” పెడనలో ఎవర్ని అడిగినా చెబుతారు, పటిక అచ్చు కంటికే ఆనదు. చిరువేరు అనే వేళ్ల రంగులో ఉడికాకే ఎర్రబడుతుంది.

ఆర్నెల్ల కిందట హైదరాబాద్‌లో ఏసీ గదిలో కాళ్లు చాపుకుని ఆ ముక్క విన్న శోభనాద్రి పగలబడి నవ్వాడు. తర్వాత ఆమె నుంచి కబురు లేదు. నేర్పిన పనే మర్చిపోయిన మనిషి మనల్నేం గుర్తుపెట్టుకుంటుందని రిపోర్ట్ రాసి పడేశాడు. మహా తెలివైనవాడు మరి!

మధ్యాహ్నం రెండు, బందరుకోట దగ్గర శోభనాద్రి. తెల్లగడ్డం, చేతికర్ర, రిటైర్డ్ ప్రొఫెసర్ వేషం. చెవులకి హెడ్‌ఫోన్స్.

“డచ్చివారి సమాధుల మీద చెక్కడాలు చూశారు కదండీ,” అంది హిమబిందు గొంతు. “నలభై అడుగులు ముందుకి రండి. ఇది పాత గిడ్డంగి. గోడ మందం గమనించండి, అంతా ఇటుకా సున్నమే. లోపలికి రండి.”

లోపల రెండు గుడ్డలు వేలాడుతున్నాయి. ఒకటి అచ్చు పూర్తయింది. రెండోది కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన ఖాళీ గుడ్డ.

“పటిక నీళ్లతో అచ్చు వెయ్యగానే ఎరుపు తేలుతుంది. కుడివైపు ఖాళీ గుడ్డని చూడండి. తొందరపడకండి.”

శోభనాద్రి అక్కడే ఆగిపోయాడు. అది తప్పు కాదు, తనకి పెట్టిన గుర్తు. నడుస్తూ వినాల్సిన క్యాసెట్‌ని తను కుర్చీలో కూర్చుని విన్నాడు. ఆమె చూడమన్నది చూడనేలేదు.

వాచ్‌మన్ అటు తిరగగానే గుడ్డ అంచు నాలుకకి తగిలించాడు. కరక్కాయ వగరు ఒక్కటే కాదు. పటిక పులుపు కూడా ఉంది. గుడ్డ కోటు లోపలికి పోయింది, మోటార్‌సైకిల్ పెడన దారి పట్టింది.

“ఆ గడ్డమేంట్రా?” అంది అమ్మాజీ.

“తర్వాత చెబుతానమ్మా. చిరువేరు కాగు పొయ్యి మీదుందా?”

“ఉంది. కంగారుపడితే రంగు పట్టదు, కూర్చో.”

కూర్చున్నాడు. రెండు గంటలు కాగులోకి చూస్తూ, తన రిపోర్ట్‌లోని ఒక్కో వాక్యం గుర్తు చేసుకుంటూ సిగ్గుతో చచ్చిపోయాడు. చివరికి అక్షరాలు ఎర్రగా లేచాయి.

‘ముఠావాళ్లు నన్ను అనుమానించారు. శుక్రవారం కోటలో నేను ఎరని. అసలు డ్రాయింగ్ ఐదింటికి గిలకలదిండి రేవు నుంచి పడవలో పోతుంది, ఐసుపెట్టెలో.’

కింద మూల ఒక అంకె. 24.

గిడ్డంగిలో వారానికో కొత్త గుడ్డ. ఇరవై నాలుగు వారాలుగా ఆమె రాస్తూనే ఉంది. తను రాసింది ఒక్కటే రిపోర్ట్, అదీ ఆమె చావుకి.

నాలుగూ యాభై ఎనిమిదికి, బందరు పొలిమేరలో గానీ శోభనాద్రి వైర్‌లెస్ చీఫ్‌కి అందలేదు.

“సార్, షూటర్‌ని ఆపండి! గిలకలదిండిలో పడవని పట్టుకోండి!”

“ఏ ఆధారంతో?”

“నా రిపోర్ట్ తప్పు సార్. రాసినవాణ్ని నేనే చెబుతున్నాను.”

కోట గుమ్మంలోకి హిమబిందు వచ్చింది. సిల్కు చీర, నల్లకళ్లద్దాలు, పక్కన కొరియర్. షూటర్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

“హోల్డ్ ఫైర్!” షూటర్ చెవిలో గోవర్ధనరావు గొంతు.

వేలు ఆగింది. కొరియర్ బ్యాగ్‌లో పాత పేపర్లు దొరికాయి. గిలకలదిండి పడవలో, రొయ్యల కింద, డ్రాయింగ్ దొరికింది.

శోభనాద్రి వచ్చేసరికి హిమబిందు జీపులో కూర్చుని ఉంది.

“క్యాసెట్ మొదటిసారి విన్నప్పుడు ఏం చేశారండీ?”

అబద్ధం చెప్పడం అతని వృత్తి. ఆ పూట చేతకాలేదు.

“నవ్వాను. తర్వాత రిపోర్ట్ రాశాను. మిమ్మల్ని కాల్చమన్న ఆర్డర్ దాని మీదే వచ్చింది. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు.”

ఆమె నల్లకళ్లద్దాలు తీసింది. తర్వాత సూట్‌కేస్ తెరిచి ఒక మూట అతని ఒళ్లో పడేసింది. ఇరవై మూడు గుడ్డలు.

“అన్నీ ఉడకబెట్టి చదవండి. తిట్లు పదో గుడ్డ నుంచి మొదలవుతాయి. అమ్మాజీ గారిని చిరువేరు కాస్త ఎక్కువ వెయ్యమనండి.”