ఉరుము నడుం వాల్చిన చోటు

పిల్లలూ, నిద్ర అలిగి వెళ్లిపోయిన రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు మణిసేల. అక్కడ నలభై రోజులుగా ఒక్క మనిషికీ కన్ను మూతపడలేదు. వంటవాళ్లు పప్పులో రెండుసార్లు ఉప్పు వేస్తున్నారు, తినేవాళ్లకు ఆ సంగతి తెలియడం లేదు. జనానికి పోట్లాడుకునే ఓపిక కూడా పోయింది.

తప్పంతా రాజుగారి నోటిది. భోగసింగరాజు యుద్ధంలో గాయపడితే, ఆయన గుర్రం ఉరుము మూడు రోజులు ఎక్కడా ఆగకుండా మోసుకొచ్చి కోటలో దింపింది. ఆ సంబరంలో ఆయన కొండదేవత ఎదుట కత్తి దూసి, "ఉరుమూ, నువ్వు నడుం వాల్చి నిద్రపోయేదాకా నేను గానీ నా ప్రజలు గానీ కన్ను మూయం" అని ఒట్టు పెట్టేశాడు. దేవత ఆ మాట పట్టుకుంది. ముందూ వెనకా చూసుకోకుండా నోరు జారితే ఇంతే మరి!

ముసలిదైపోయిన ఉరుముకు పని మాన్పించారు. ఆ వంశపు ఆనవాయితీ ప్రకారం చలువరాతి శాల కట్టించి, మరో గుర్రం గాలి కూడా సోకకుండా ఒక్కదాన్నే గౌరవంగా అందులో పెట్టారు. ఉరుము నిలబడింది. నిలబడే ఉంది. నిలబడి కునికిపాట్లు పడేది తప్ప మోకాలు వంచలేదు.

గుర్రాలకు గడ్డి కోసే బసవని కూతురు నాంచారికి పద్దెనిమిదేళ్లు. ఆమె తమ్ముడు ఆరు నెలల పసికందు. ఏడ్చి ఏడ్చి, ఏడ్చే శక్తి కూడా లేక గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఇంకో పది రోజులు ఇలాగే గడిస్తే బిడ్డ దక్కడని వైద్యుడు చెప్పేశాడు. నాంచారి తిన్నగా రాజు దగ్గరకు పోయి, ఈ శాల ఉరుముకు నచ్చలేదని, నచ్చిన చోటు వెతికిపెట్టక తప్పదని చెప్పింది. ఒట్టు పెట్టింది తానే కాబట్టి, ఉరుమును వెంటబెట్టుకుని, ఆమెతో పాటు రాజు కూడా బయలుదేరాడు. ముసలి గుర్రం మీద ఎక్కడానికి మొహం చెల్లక నడిచే వచ్చాడు.

ఏడు వాగులు దాటి వాళ్లు ఒక మునిపల్లె చేరారు. అక్కడ మోకాలెత్తు గరిక, పక్కనే తియ్యటి ఊట. ముని పులికీ జింకకూ ఒకే తొట్టిలో నీళ్లు పెడుతున్నాడు. ఉరుమును ఉంచుకోవడానికి సరేనన్నాడు. రాజూ నాంచారీ హమ్మయ్య అనుకుని గరికలో కూలబడ్డారు. ఉరుము కడుపు నిండా మేసి, వాళ్ల పక్కన నిలబడింది. తెల్లారినా నిలబడే ఉంది.

ఆ తరువాత ముళ్లడవి. ముళ్లు వాళ్ల బట్టలనే కాదు, మాటలను కూడా పట్టుకుని లాగేవి. నోరు విప్పితే చిక్కుకుపోతారు. పాపం, ఇద్దరికీ మాట్లాడే ఓపిక లేకపోవడం వల్లే ఆ అడవి దాటగలిగారు.

అడవి చివర ఒక రక్కసి బంగారు కొట్టం కట్టుకుని కూర్చుంది. వచ్చిన పని విని నవ్వింది. తన మంత్రదండంతో ఒక్కసారి తడితే గుర్రం పడిపోతుందట, దేశమంతా నిద్రపోతుందట. ఒప్పుకోవే పిల్లా అని గడ్డం పట్టుకుని బతిమాలింది కూడా. రాజు కళ్లు అప్పటికే చింతనిప్పుల్లా ఉన్నాయి.

"కానివ్వు నాంచారీ," అన్నాడాయన. "ఇక నావల్ల కాదు."

నాంచారికి తమ్ముడు గుర్తొచ్చాడు. దండం తగలనివ్వాలనే అనిపించింది. కానీ దండం చూడగానే ఉరుము వణుకుతూ, వెనక్కి తగ్గే చోటు లేక, ఆమె భుజంలో మొహం దాచుకుంది.

"పడగొడితే పడుతుంది దొరా. దాన్ని నిద్రంటారా? మిమ్మల్ని మోసినప్పుడు ఉరుము నావల్ల కాదనలేదు," అంది నాంచారి.

రాజు తల దించుకున్నాడు. తరువాత తానే ముందుకొచ్చి, దండం ముక్కలయ్యేదాకా రక్కసితో కత్తి దూసి పోరాడాడు. అలసిన మనిషి పోరాటం కదా, చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. గెలిచాడు, అంతే.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక రాళ్లగుట్ట మీదికి చేరారు. నీడ లేదు, గడ్డి అక్కడొక పరక ఇక్కడొక పరక. రాజు బండ మీద చతికిలబడ్డాడు. నాంచారికీ కూర్చోవాలనే ఉంది. కానీ కూర్చుంటే మళ్లీ లేవలేనని భయం వేసింది. లేవకపోతే బిడ్డ సంగతేమిటి? ఊతకర్ర నేలకు ఆనించి, ఉరుము పక్కనే నిలబడిపోయింది.

ఉరుము ఆమెను వాసన చూసింది. రాజును చూసింది. మళ్లీ ఆమెను చూసింది. తరువాత ముంగాళ్లు మడిచి, మెల్లగా, ఎముకలు కటకటలాడుతుండగా ఆ రాళ్ల మీదే వాలింది.

నాంచారికి అప్పుడు తెలిసింది. మందలో ఒకటి నిలబడి కాపు కాస్తేనే మిగతావి నడుం వాలుస్తాయి. కోటలో గౌరవమని చెప్పి దాన్ని ఒంటరిని చేశారు. దారిలో ఎక్కడ ఆగినా ముందు కూలబడింది వీళ్లే. కాపలా ఉండేవాళ్లు లేక, ఇన్నాళ్లూ ఆ ముసలి ప్రాణమే అందరికీ కాపలా కాసింది. ఆమెకు ఏడుపు ఆగలేదు. అయినా చప్పుడు కానివ్వలేదు.

ఉరుము కళ్లు మూసిన క్షణంలోనే రాజు బండ మీద గురక పెట్టాడు. దూరాన మణిసేలలో పసివాడు తల్లి భుజం మీద తల వాల్చాడు. రాజ్యమంతా నిద్రపోయింది, ఒక్క నాంచారి తప్ప. ఆమె కదిలితే గుర్రం లేస్తుంది. కాళ్లు మంటలెత్తుతున్నా పంటి బిగువున అలాగే నిలబడింది.

పొద్దు వాలే వేళకు రాజుకు మెలకువ వచ్చింది. ఆమె వాచిన పాదాలు చూశాడు. ఏమీ అడగకుండా వచ్చి, ఆమె చేతిలోని కర్ర తీసుకున్నాడు.

"నువ్వు పడుకో తల్లీ. నేను నిలబడతాను."

కోటకు తిరిగొచ్చాక చలువరాతి శాల తలుపులు పీకించేసి, ఉరుమును బసవని గుడిసె ముందు ఆరుబయట ఉంచారు. నిండు సభలో రాజు నాంచారిని అశ్వశాలలన్నిటికీ అధికారిణిని చేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. అర్ధరాజ్యమే అడుగుతుందని మంత్రులు గుండెలు చిక్కబట్టుకున్నారు.

"రేపు పొద్దున ఉరుము దగ్గర నా వంతు మీరు కాయండి దొరా. ఇంకాస్త పడుకుంటాను," అంది నాంచారి.

మర్నాడు పొద్దున్నే, చెప్పులు చేత పట్టుకుని, రాజు వచ్చాడు.