ఆమెన్ అన్న తర్వాత

స్తుతి గౌన్లు నాలుగు బ్యాగులో పెట్టి, మళ్లీ రెండు తీశాను. మూడున్నరేళ్ల మనవరాలిని హైదరాబాదు పంపడానికి ఎన్ని గౌన్లు సర్దాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

తల్లి లేని పిల్ల. మాటలు బాగా వెనకబడ్డాయనీ, హాస్టల్లో ఉంచి మాటలు నేర్పే స్కూల్లో వెంటనే చేర్చాలనీ కరీంనగర్ స్పీచ్ థెరపిస్టు రిపోర్టు ఇచ్చింది.

"గా రిపోర్ట్ తప్పు, అవ్వా," అన్నాడు నా కొడుకు తిమోతి. ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లు ఎలక్ట్రీషియన్ వాడు. ఎవరేం చెప్పినా టెస్టర్ పెట్టి చూస్తే గాని నమ్మడు. "ముందుగాల కరీంనగర్ పోయి గామెనే అడుగుదాం. గప్పుడు గూడ అవునంటే, అటు నుంచి అటే హైదరాబాద్."

అందుకని బ్యాగు కూడా మాతో బస్సెక్కింది.

థెరపిస్టు పేరు మధులిక. చేతినిండా గాజులు, మాటకు మాట.

"మేడం, మా పిల్ల ఇంట్ల కోళ్లతోని సుత కొట్లాడుతది," అన్నాడు తిమోతి.

"మొన్న అర్ధగంట కూసున్న సార్. ఒక్క మాట మాట్లాడలే."

"మీ మొఖం జూసి భయపడ్డదేమో."

"రోజూ మీ మొఖం జూసే పిల్లకు నాదో లెక్కనా?"

నాకు నవ్వొచ్చింది. బ్యాగు మోకాలికి తగలగానే ఆ నవ్వు ఆగిపోయింది.

మొదటిసారి మమ్మల్ని బయటే కూర్చోబెట్టిన మధులిక, ఈసారి లోపలికి రానిచ్చింది. తలుపు వేసింది. స్తుతికి ఎదురుగా కూర్చుని, నల్ల అట్ట ఉన్న లావు పుస్తకం తెరిచింది.

స్తుతి టక్కున చేతులు జోడించి కళ్లు మూసుకుంది. పేరు పెట్టి పిలిచినా, బొమ్మలున్నాయన్నా పెదవి విప్పలేదు.

"చూసిండ్రా? మొన్న గూడ గిట్లనే."

రోజూ సాయంత్రం ఇంట్లో నేను చేసేదీ ఇదే. తలుపు వేస్తాను, నల్ల అట్ట బైబిల్ తెరుస్తాను. ఆమెన్ అనేదాకా నోరు తెరవద్దని ఏడాది పిల్లప్పటి నుంచీ నేర్పాను. చర్చిలో పాస్టరుగారి ప్రార్థన మధ్యలో అరిచిందని ఒకసారి తొడపాశం కూడా పెట్టాను.

"బిడ్డా, జర గా పుస్తకం మూసి ఆమెన్ అను," అన్నాను.

"నేనా?"

"అనుండ్రి మేడం. దానికి డిగ్రీ అక్కర్లే," అన్నాడు తిమోతి.

మధులిక పుస్తకం మూసింది. "ఆమెన్."

స్తుతి ఒక కన్ను తెరిచి బల్ల మీది కుక్క బొమ్మ చూసింది. "అయిపోయిందా? దా తుత్తతు తోత లేదు. నీ దాజులు మంచిదున్నయ్. బాపూ, ఆతలైతుంది!"

మధులిక మొఖం ఎర్రబడింది. రిపోర్టు తీసుకుని మా ముందే అడ్డంగా గీత కొట్టింది. "తప్పు నాదే. పిల్ల ఇంట్ల ఎట్లుంటదో మిమ్ముల అడగకుండ రాసిన. హాస్టల్ అక్కర్లే. గని 'క', 'గ' పలుకుతలేదు, అది మాత్రం నిజం. నెలకు రెండుసార్లు తీస్కరావాలె."

"రెండుసార్లేనా?"

"నాలుగుసార్లు రండ్రి. జర పిల్లను గూడ తెచ్చుకోండ్రి."

వాడు అదీ మరిచాడు. ఆగస్టులో స్తుతికి జ్వరమొస్తే, ఆ సంగతి చెప్పడానికి వానలో ఒక్కడే కరీంనగర్ పోయాడు. ఫోను జేబులోనే ఉంది.

క్రిస్మస్‌కు వారం ముందు మధులిక మా ఇంటికి వచ్చింది. సాయంత్రం ప్రార్థనలో మాతో కూర్చుంది. ఆమెన్ అనగానే స్తుతి అడిగింది, ఒక్క 'క' కూడా తప్పకుండా: "బాపూ, మేడం ఇక్కడ్నే ఉంటదా?"

తిమోతి గోడ గడియారం చూస్తున్నాడు.

"స్తుతీ, మీ బాపుకు మాటలు శాన వెనకబడ్డయ్," అంది మధులిక. "హైదరాబాద్ పంపుదామా?"

"వద్దు, వచ్చినయ్," అన్నాడు వాడు. "ఉంటవా, మధులికా?"

"మా బాపు లక్ష్మణ్‌రావుకు చెప్పే వచ్చిన. జర కోపం మీదున్నడు. గని ఆదివారం వస్తనన్నడు."

"రానియ్యి బిడ్డా," అని ఆమె తల మీద చెయ్యి పెట్టాను.

మంచం కింద బ్యాగు ఆమె కంటబడింది. ఆర్నెల్లుగా నేను విప్పలేదు. గౌన్లు ఒక్కొక్కటే తీసింది, అప్పటికే ఇరుకైపోయాయి. అడుగున దారంతో కుట్టిన పేరు మీద వేలు పెట్టి, నా వైపు చూసింది.

నేనే చెప్పాను. అది స్తుతి తల్లి బ్యాగు. అప్పుడూ నేనే సర్దాను. స్తుతికి నాలుగో నెల. 2021 మే తొమ్మిదిన కరోనా వచ్చి క్యాథరిన్ ఆ బ్యాగుతో ఆసుపత్రికి పోయింది. బ్యాగు వచ్చింది. క్యాథరిన్ రాలేదు.